బావగారి ఆపరేషన్

బావగారు ఆడదని తేలిన రోజు ఇంట్లో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

బావగారంటే కుందేలు. ఒళ్లంతా తెలుపు, ఎడమ చెవి ఒక్కటే బూడిద రంగు. అమ్మినవాడు మగదన్నాడు, వీళ్లు సరేనన్నారు. తిరగేసి చూసి తేల్చుకునే తెలివి ఆ ఇంట్లో ఎవరికీ లేదు. వేళకు గడ్డి పడకపోతే అది వెనక కాలితో నేలను దబ్బున ఒక్క తన్ను తన్ని, మొహం గోడవైపు తిప్పుకుని కూర్చునేది. "అచ్చం అలిగిన బావగారే" అన్నాడు ఇంటాయన. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా ఇరుకు గుంతల్లో దిగి గ్రీజు పూసుకుని వచ్చినా, ఇంట్లో నవ్వించే బాధ్యత తనదే అనుకునే మనిషి. దాంతో ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆ బావగారు ఓ పొద్దున రొమ్ము మీది బొచ్చు గుత్తులు గుత్తులుగా పీక్కుని, నోట కరుచుకుని గూట్లోకి మోసుకెళ్లి, ఎండుగడ్డితో కలిపి ఓ మూల గుండ్రటి పరుపు పేర్చింది. పేర్చి దాని ముందు కాపలా కూర్చుంది. చెయ్యి దగ్గరికి తెస్తే గుర్రుమంది.

"అమ్మా! బావగారు పిల్లల్ని పెడతాడు!" అని కూతురు గంతులేసింది. దానికి పదేళ్లు. ఇంట్లో అది ఒక్కతే సంతానం.

ఇంటావిడ గూటి ముందు గొంతుక్కూర్చుని ఆ పరుపును చూస్తూ ఉండిపోయింది. అందరితో పాటు నవ్వింది గానీ, నవ్వు మధ్యలో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ నెల ఆమెకు రోజులు దాటాయి. ఆ సంగతి మొగుడి చెవిన మాత్రమే వేసింది. కొన్నేళ్లుగా ఎదురుచూస్తోంది, కొన్నేళ్లుగా ప్రతి నెలా నిరాశే. ఈసారి దాటాయి. అదే సమయానికి గూట్లో ఈ పరుపు కనబడితే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు? తలెత్తి మొగుడి వైపు చూసింది. ఆయన పళ్లు తోముకుంటూ కిటికీలోంచి వీధి చూస్తున్నాడు.

పశువుల డాక్టరు భారీ మనిషి. చేతులు చూస్తే ఎద్దుల్ని పడగొట్టేవాడిలా ఉన్నాడు గానీ, కుందేలును పట్టుకున్నప్పుడు ఆ వేళ్లు పూలు ఏరుతున్నట్టే కదిలాయి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తి, తువ్వాలు మీద ఒక పక్కకు వాల్చి చూసి, "మీ బావగారు మరదలమ్మా" అన్నాడు.

కూతురు కిసుక్కున నవ్వింది. ఇంటాయన నుదురు కొట్టుకున్నాడు. ఆమె మాత్రం, "పిల్లలెన్ని ఉన్నాయండీ లోపల?" అని అడిగింది.

డాక్టరు పొట్టను నెమ్మదిగా తడిమాడు. "ఒక్కటీ లేదు. మగదాని మొహమే చూడలేదుగా ఇది. ఆడ కుందేళ్లకు ఇలా జరుగుతుంటుందమ్మా. దీని ఒళ్లే దీన్ని మోసం చేస్తుంది. కడుపుతో ఉన్నాననుకుని పరుపు పేర్చుకుంటుంది. ఎదురుచూసి, ఎదురుచూసి, కొన్నాళ్లకు మానేస్తుంది. మళ్లీ ఎప్పుడో మొదలెడుతుంది."

"పాపం కదండీ" అంది ఆమె.

"ఇదొక్కటే అయితే ఊరుకునేవాణ్ని. వయసు మీద పడేకొద్దీ వీటికి గర్భసంచిలో చెడ్డ గడ్డలు వచ్చే భయం చాలా ఎక్కువ. ఆపరేషన్ చేసేస్తే ఆ భయం పోతుంది. మత్తిస్తాం, పొట్ట మీద బొచ్చు గొరిగి చిన్న కోత పెట్టి గర్భసంచీ, అండాశయాలూ తీసేస్తాం. మత్తంటే ప్రమాదం బొత్తిగా లేదని చెప్పను. నొప్పి ఉంటుంది, దానికి మందిస్తాం. ఆ తర్వాత దీనికి పిల్లలు పుట్టరు. ఇవన్నీ మీరు ముందే తెలుసుకోవాలి." అలా అని ఆయన పెద్దవాళ్లను వదిలేసి, నడుం వంచి కూతురితో అన్నాడు. "నీ కుందేలే కదా? నీకు చెప్పకుండా, నువ్వు సరేననకుండా దీన్ని ముట్టుకోను. ఆలోచించుకుని చెప్పు."

కూతురు పెద్ద మనిషిలా చేతులు కట్టుకుంది. "కోసినప్పుడు దానికి తెలుస్తుందా?"

"అప్పుడు తెలీదు. లేచాక తెలుస్తుంది."

"అయితే సరే. కానీ నేనిక్కడే ఉంటా."

డాక్టరు వాళ్లను పంపించేముందు గుమ్మం దాకా వచ్చి మరీ హెచ్చరించాడు. "ఒక్కమాట. ఆపరేషన్ అనగానే అందరూ పస్తు పెట్టేస్తారు. దీనికి పెట్టొద్దు. కుందేలుకు కక్కడం రాదు, కాబట్టి ఆ భయం లేదు. దీని పేగు మాత్రం ఆడుతూనే ఉండాలి. ఆగిందంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడికి తెచ్చేదాకా గడ్డి నములుతూనే ఉండాలి, తెలిసిందా?"

ఆమె తలూపింది. డాక్టరన్నవాడు ఇంత విడమరిచి చెప్పడం ఆమె ఎరగదు. ఆమె చూసిన డాక్టర్లందరూ మొగుడితోనో అమ్మతోనో మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు.

*

ఇంటి ముందుగది ఆమె దుకాణం. వీధివైపు షట్టరెత్తితే చాలు. తెగిన బ్యాగులూ, జిప్పు పోయిన సూట్‌కేసులూ, పట్టీ ఊడిన బడి సంచులూ ఆమె దగ్గరికి వస్తాయి. గోడకు మేకుల వరుస, మేకుల మీద జిప్పు చుట్టలు, ఓ డబ్బా నిండా రన్నర్లు. బిగుసుకుపోయిన జిప్పు తెస్తే ఆమె మొదట దాని పళ్ల మీద కొవ్వొత్తి రుద్దుతుంది. అప్పటికీ కదలకపోతేనే పటకారు అందుకుంటుంది. సగం జిప్పులకు జబ్బేమీ ఉండదని, లాగిన చేతులకే ఓపిక ఉండదని ఆమె నమ్మకం.

బావగారిని మోసుకెళ్లడానికి ఆమె ఓ పాత బడి సంచిని విప్పదీసింది. రెండు పక్కలా గుడ్డ కత్తిరించి, గాలి ఆడేలా నైలాను వల వేసి కుట్టింది. కుందేలు పళ్లకు ఏ అంచూ దొరక్కూడదు. కాబట్టి అంచులన్నీ లోపలికి రెండు మడతలు మడిచి, మిషను మెల్లగా తొక్కుతూ రెండేసి వరసలు పోసింది. పారేసిన సూట్‌కేసు అట్టముక్కను అడుగున పరిచి, పైన పాత దుప్పటి ముక్క వేసింది. అది అయ్యాక, కుట్లు కొరుక్కోకుండా పొట్టకు చుట్టే గుడ్డపట్టీ ఒకటి కత్తిరించింది. ముందు కాళ్లకు రెండు కంతలు, వీపు మీద ముడులు. బావగారి నడుం కొలవబోతే అది టేపు చివర కొరికి మింగబోయింది.

"పెళ్లిబట్టలు కుట్టినా ఇంత ఒద్దిగ్గా కుట్టవు నువ్వు" అన్నాడు మొగుడు, పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ.

"మరదలు కదండీ, మర్యాద తక్కువైతే మీకే మాట" అంది ఆమె. ఆ వారమంతా ఆమె నోట ఇలాంటి మాటలు పలికాయి. మిషను తొక్కుతూ కూనిరాగం కూడా తీసింది.

పై అరలోంచి ఓ పెద్ద సూట్‌కేసు దించాల్సి వచ్చింది. కుర్చీ లాక్కుని ఎక్కబోయింది. ఆయన చేతులు కూడా కడుక్కోకుండా గబగబా వచ్చాడు.

"నువ్వు ఎత్తకు."

"ఖాళీదేనండీ."

"ఖాళీదైనా సరే. నువ్వు ఎత్తకు. నేను లేనూ?"

దించి బల్ల మీద పెట్టి, పిడి మీద పడిన గ్రీజు మరక చొక్కా అంచుతో తుడిచాడు. ప్రతి నెలా రెండో సగంలో ఆయన ఇలాగే చేస్తాడు. ఒకవేళ లోపల ఏదైనా నిలిచి ఉంటే బరువులెత్తి పోగొట్టుకోకూడదని, ఎప్పుడో ఆమే అడిగింది. అడిగింది ఒక్కసారే. అప్పట్నుంచీ ఆయన మర్చిపోయిన రోజు లేదు. నెల మొదట్లో మందుల షాపు నుంచి బలం మాత్రలు తెచ్చి అద్దం ముందు పెట్టడం కూడా మర్చిపోడు. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు అని ఆమె అనుకునేది.

"ఇంకా రాలేదండీ" అంది గొంతు తగ్గించి. "ఈసారి గట్టిగానే అనిపిస్తోంది. డాక్టరమ్మకు చూపించుకోనా?"

ఆయన కుళాయి తిప్పి చేతులు కడుక్కోసాగాడు. సబ్బు రుద్దాడు, కడిగాడు, మళ్లీ రుద్దాడు. "నీరసం వల్ల కూడా అవుతుంది. తొందరేముంది, చూద్దాం. ముందు బావగారి గొడవ కానియ్."

*

ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం ఆమె తల్లి వచ్చింది. ఇద్దరూ ఆస్పత్రి దగ్గర కూర్చుంటే వంట ఎవరు చేస్తారని తనే వస్తానంది. వచ్చిన గంటలో వంటగది డబ్బాలన్నీ తన పద్ధతికి సర్దేసింది. ఆవిడ ఏ ఇంట్లో అడుగుపెట్టినా అంతే, ఉప్పు డబ్బా ముందుగా చోటు మారుతుంది.

సాయంత్రం ఆమె దుకాణం సగం మూసి, కొత్తిమీర కట్ట కడిగి, గూటి దగ్గరికి వెళ్లేసరికి గూడు అద్దంలా ఉంది. గడ్డి లేదు. నీళ్ల గిన్నె కూడా లేదు. బావగారు వెనక కాలితో నేలను తన్నింది.

"అమ్మా, ఇక్కడ గడ్డి ఏది?"

"తీసేశా" అని వంటగదిలోంచి జవాబొచ్చింది. "పొద్దున కోతకెళ్లే ప్రాణికి తిండేంటే?"

"అయ్యో, పెట్టి తీరాలన్నాడమ్మా డాక్టరు. పేగు ఆగితే చచ్చిపోతుంది."

"వాళ్లు సవాలక్ష చెప్తారు. ఆపరేషన్‌కి కడుపు ఖాళీగా ఉండాలని చిన్నపిల్లల్నడిగినా చెప్తారు." వాళ్లమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. "నీకు పెట్టారా? గొంతు తడుపుకుంటానని నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు, మంచినీళ్ల చుక్క పొయ్యనిచ్చిందా ఆ నర్సు? రెండు ఆపరేషన్లూ కలిపి చేస్తున్నాం, ఇంకా జాగ్రత్తగా ఉండాలని నా చెవిలో అంది."

ఆమె గూటి తలుపు తీస్తూనే అడిగింది. "రెండేంటి?"

"అదేనే. బిడ్డను తియ్యడం, మళ్లీ పుట్టకుండా కట్టెయ్యడం."

కొత్తిమీర కట్ట నుంచి నీళ్లు ఆమె పాదం మీద పడుతున్నాయి. బావగారు గూట్లోంచి మెడ చాచి, కట్ట చివర పట్టుకుని లాగింది. ఆమె వేళ్లు వదల్లేదు. కుందేలు లాగుతోంది, ఆమె పట్టుకునే ఉంది.

"ఏం కట్టెయ్యడం?"

"ఏంటే కొత్తగా అడుగుతావు? మొదటి కాన్పులో బిడ్డా దక్కలేదు, నువ్వూ దక్కుతావో లేదో అన్నట్టయింది. రెండోసారి డాక్టరమ్మ ముందే చెప్పింది, ఇంకో కాన్పు దీని ఒళ్లు తట్టుకోదని. నువ్వు నిద్రపోతుంటే నేనూ అల్లుడూ వరండాలో కూర్చుని అనుకున్నాం. ఎలాగూ పొట్ట కోస్తారు కదా, అదే చేత్తో కానిచ్చెయ్యమన్నాం. నువ్వు వింటే ఏడుస్తావు, ఆ సమయంలో ఏడవకూడదు, ఇంటికెళ్లాక నెమ్మదిగా నేనే చెప్తానన్నాడు అల్లుడు."

వాళ్లమ్మ ఆమె మొహం చూసింది. ఒక అడుగు ముందుకు వేసి, అక్కడే ఆగిపోయింది.

"చెప్పలేదా?"

వంటగదిలో ఏదో మాడుతున్న వాసన వస్తోంది, వీధిలో ఎవరో బండి హారను కొడుతున్నారు, అన్నీ తెలుస్తున్నాయి. తన కాళ్లు ఎక్కడున్నాయో మాత్రం తెలియలేదు. కొత్తిమీర వదిలేసింది. లేచి వెళ్లి, బాల్చీ వెనక దాచిన ఎండుగడ్డి సంచి వెతికి తెచ్చి, రెండు చేతులా తీసి గూడు నిండా పోసింది. నీళ్ల గిన్నె కడిగి నింపింది. ఒలికిన నీళ్లు గుడ్డతో తుడిచింది. ఈ పనులు ఎవరో చేస్తుంటే తను పక్కనుంచి చూస్తున్నట్టుంది.

"ఒసేయ్, ఏదో ఒకటి మాట్లాడవే. నీ ప్రాణం కోసమే కదే చేసింది. నువ్వు లేకపోతే ఆ పసిదాని గతేంటి?" వాళ్లమ్మ ఆమె వెనకే నడిచింది. "చెప్పాడనే అనుకున్నానమ్మా. ఇన్నేళ్లలో నువ్వు ఒక్కసారీ ఎత్తలేదు, పాత ఏడుపెందుకు కెలకడమని నేనూ ఎత్తలేదు."

ఆమె దుకాణంలోకి వెళ్లి మిషను ముందు కూర్చుంది. ఎవరిదో సంచి బల్ల మీద ఉంది, జిప్పు వెయ్యాలి. వేసింది. చివరిదాకా కుట్టి దారం తెంపి చూస్తే జిప్పు తిరగబడి ఉంది, రన్నరు లోపలివైపుకు వచ్చింది. ఇంత కాలంలో ఆమె ఎప్పుడూ ఇలాంటి తప్పు చెయ్యలేదు. కుట్టు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో పోగు తెంపుతుంటే ఒక్కో నెల గుర్తొచ్చింది. తనకిక మోసే యోగం లేదేమోనని చీకట్లో ఏడిస్తే వీపు నిమిరిన చెయ్యి గుర్తొచ్చింది. "వచ్చేదుంటే వస్తుందిలే, డాక్టర్ల చుట్టూ ఎందుకు" అన్న మాట గుర్తొచ్చింది. అద్దం ముందు మాత్రలు గుర్తొచ్చాయి. అక్కడ వేలికి బ్లేడు తగిలింది. నొప్పి తెలియలేదు, గుడ్డకు ఎర్రగా అంటుకున్నాక చూసుకుంది.

మొగుడు వచ్చేసరికి ఆమె కుర్చీ మీద నిలబడి ఉంది. పై అరలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద పెట్టె, ఇనప అంచులది, లోపల పనిముట్లతో సహా, రెండు చేతులా పట్టుకుని తన మీదికి లాక్కుంటోంది.

"ఏయ్, ఏయ్!" ఆయన సంచి కింద పడేసి పరిగెత్తుకొచ్చాడు. "నువ్వు ఎత్తకు!"

"ఎందుకు?"

మామూలు గొంతుతోనే అడిగింది. ఆయన చేతులు పెట్టె మీదికి వచ్చాయి. ఆమె వదల్లేదు. ఇద్దరి చేతుల మధ్యా పెట్టె గాలిలో ఉంది.

"ఎందుకంటే... బరువు కదా."

"బరువైతే ఏమవుతుంది? చెప్పండి. నా లోపల ఏముందని?"

ఆయన ఆమె మొహం చూశాడు. భుజం మీదుగా లోపలి గుమ్మంలో నిలబడ్డ అత్తగారిని చూశాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఆయన చేతులు పెట్టె మీంచి జారిపోయాయి. ఆమె పెట్టెను ఒక్కతే దించి, బల్ల మీద పెట్టింది. అది అనుకున్నంత బరువేమీ లేదు.

*

తెల్లారేసరికి ఆమెకు రోజులు వచ్చేశాయి, తమకేమీ తెలియనట్టు, ఎప్పటిలాగే. ఆ ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఎవరూ మాట్లాడుకోలేదు కూడా. ఒక్క బావగారు మాత్రం రాత్రంతా గడ్డి నమిలి గూడు నిండా నల్లటి గోళీలు రాల్చి పెట్టింది. డాక్టరు చూస్తే మురిసిపోయేవాడు.

కూతురు సంచి జిప్పు తీసి పట్టుకుంటే, ఆమె కుందేలును ఒళ్లోకి తీసుకుంది. రొమ్ము మీద పీక్కున్న చోట అప్పుడే కొత్త బొచ్చు నూగులా వస్తోంది. దాని బూడిద చెవి వేళ్లతో నిమురుతూ, గుసగుసగా కాదు, మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఇప్పుడు నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. మత్తిచ్చి నిద్రపుచ్చుతారు. పొట్ట కోసి నీ గర్భసంచి తీసేస్తారు. ఇక నీకు పిల్లలు పుట్టరు. పరుపు పేర్చుకోవాలని కూడా అనిపించదు. లేచాక నొప్పి పుడుతుంది. నీకు గడ్డలు రాకూడదని, మాకంటూ నువ్వుండాలని చేయిస్తున్నాం. చేయించేది నేనే. ఇంకెవరో కాదు."

"దానికేం అర్థమవుతుందమ్మా?" అంది కూతురు.

"కాకపోవచ్చు. చెప్పడం మన పని."

వంటగదిలో గిన్నె ఏదో కింద పడింది. వాళ్లమ్మ దాన్ని తియ్యలేదు. ఇంటాయన గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, తల వంచుకుని వింటున్నాడు. సంచి అందుకోబోయాడు. ఆమె భుజానికి తగిలించుకుని ముందు నడిచింది.

డాక్టరు బావగారి చెవులు తాకి వెచ్చగా ఉన్నాయా అని చూశాడు, బరువు తూచాడు, సంచిలో నలిగిన గడ్డి చూసి "శభాష్" అన్నాడు. గుడ్డపట్టీ అటూ ఇటూ తిప్పి, ఎవరు కుట్టారని అడిగాడు. కూతుర్ని మళ్లీ అడిగాడు, సరేనా అని. కూతురు సరేనంది. ఆమె వైపు తిరిగి, "మీరేమైనా అడగాలా అమ్మా?" అన్నాడు.

"మనుషులకు చేసేది కూడా ఇదేనాండీ?"

పక్కన మొగుడు బిగుసుకుపోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది.

"అబ్బే, కాదు. మనుషులకు పిల్లలు వద్దనుకుంటే అండాలొచ్చే గొట్టాలు కట్టేస్తారంతే. గర్భసంచి, అదీ అలాగే ఉంటుంది. నెలనెలా మామూలే, ఒంట్లో తేడా ఏమీ ఉండదు."

"చేయించుకున్నవాళ్లకు తెలీదా?"

ఆయన నవ్వాడు. "అదేం మాటమ్మా, చేయించుకున్నవాళ్లకు తెలియకపోవడమేంటి? చెప్తారుగా. చెప్పకపోతే మాత్రం ఎలా తెలుస్తుంది?" అంటూ బావగారిని తువ్వాల్లో చుట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

బయట బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. కూతురు మధ్యలో కూర్చుని, ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. ఎదురుగా ఒకావిడ ముసలి కుక్కను ఒళ్లో పెట్టుకుని, సూదే తల్లీ, చీమ కుట్టినట్టుంటుంది తల్లీ అని దానికి నచ్చజెబుతోంది. ఇంటాయన ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి గొంతు సవరించుకుని, "చెప్దామనే అనుకున్నాను" అన్నాడు. ఆమె ఆయన వైపు తిరగలేదు.

ఆపరేషన్ బాగానే అయింది. బావగారు మత్తు కళ్లతో, గొరిగిన పొట్టతో, గుడ్డపట్టీ చుట్టుకుని సంచిలోకి వచ్చింది. అది ఈ సాయంత్రం లోపల ఏదో ఒకటి తినాలి, తినకపోతే వెంటనే తీసుకురండి, పళ్లు పటపట కొరుకుతుంటే నొప్పని గుర్తు అన్నాడు డాక్టరు. నొప్పి మందు బయట కొనుక్కోమన్నాడు. వాళ్లిద్దరినీ ఇంటి దగ్గర దించి ఆయన మందుల షాపుకు వెళ్లాడు.

ఇంట్లో ఆమె గూడు తీసేసి, గెంతడానికి ఎత్తులేవీ లేకుండా నేల మీదే దుప్పటి పరిచి, పక్కన వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టింది. బావగారు కదల్లేదు. కొత్తిమీర పెడితే మొహం తిప్పుకుంది. కూతురు బోర్లా పడుకుని, దాని మొహానికి ఎదురుగా మొహం పెట్టి కాపలా కాసింది. అమ్మమ్మ ఒక మూల కూర్చుని, పెట్టొద్దన్న తనే, గడ్డి పోచల్లో మెత్తనివి ఏరి ఏరి మనవరాలి చేతికి అందిస్తోంది. మధ్యమధ్య ఆమె వైపు చూసి కళ్లు దించుకుంటోంది.

ఆమె వంటగదిలో గ్లాసు కడుగుతుంటే మొగుడు వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. విప్పి బల్ల మీద పెట్టాడు. కుందేలు మందు సీసా, సూది లేని సిరంజి. వాటి పక్కన బలం మాత్రల అట్ట.

ఆమె ఆ అట్టను చూసింది. ఆయనా అప్పుడే చూశాడు. నెల మారిందని షాపువాడు అడక్కుండానే తీసి ఇచ్చాడు, ఈయనా అడక్కుండానే తీసుకుని జేబులోంచి డబ్బు ఇచ్చాడు. దారంతా చేత్తో పట్టుకునే వచ్చాడు. తన చేతిలో ఏముందో ఆయనకు ఈ బల్ల మీద పెట్టేదాకా తెలియదు. రంగు పోయిన మొహంతో అట్ట తియ్యబోయాడు.

ఆమె దాని మీద చెయ్యి వేసింది.

"అలవాటు..." అన్నాడు. "అలవాటులో..."

కోపం వస్తుందనుకుంది. రాలేదు. భయం వేసింది. ఇన్నేళ్లూ పక్కనే ఉన్న మనిషి ప్రతి నెలా ఇంత తేలిగ్గా, ఇంత ప్రేమగా ఈ అట్ట తెచ్చిపెట్టాడా? ఆ తెచ్చిన చేతికి ఏమీ అనిపించలేదా? మందు సీసా కదిపి, డాక్టరు చూపించిన గీత దాకా సిరంజిలోకి లాగింది. వెళ్లి, బావగారి పెదవి పక్కనుంచి దూర్చి, చుక్క చుక్కగా మింగించింది. తిరిగొచ్చి సిరంజి కడిగి ఆరబెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుని, ఎదుటి స్టూలు చూపించింది.

"కూర్చోండి. డాక్టరు మన కుందేలు గురించి ఎలా చెప్పాడో, అలా చెప్పండి నాకు. ఏం కట్టారు, ఎందుకు కట్టారు, ముందు సరేనంది ఎవరు. నేను లేచి నీళ్లడిగినప్పుడు మీరు నా మొహం చూసి ఏమనుకున్నారు. ఒక్కటీ వదలొద్దు."

ఆయన పక్కగదిలోకి, అత్తగారి వైపు చూశాడు.

"అటు చూడకండి. అడుగుతున్నది నేను."

ఆయన కూర్చున్నాడు. గ్రీజు పోని గోళ్లున్న చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"అమ్మా! తింటోంది! అమ్మా, బావగారు తింటోంది, రా!" పక్కగదిలోంచి కూతురి కేక. అమ్మమ్మ ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో ఏదో అంటోంది.

ఆయన ఆ కేకకు లేవబోయాడు, బతికిపోయినవాడిలా. ఆమె లేవలేదు. మాత్రల అట్ట మీద చెయ్యి అలాగే ఉంచి, "అది తింటుంది లెండి" అంది. "మీరు చెప్పండి."